ఆ శివరాత్రి జాగారం తోరియామా గారికి

2024లో శివరాత్రి మార్చి 8న వచ్చింది, శుక్రవారం. ముందు రోజు రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి తెల్లారేసరికి నరసరావుపేటలో దిగాను. మా ఇంట్లో సంక్రాంతికి రాకపోయినా ఎలాగోలా సర్దుకుంటారు కానీ శివరాత్రికి, అంటే కోటప్పకొండ తిరనాళ్ళకి రాకపోతే మాత్రం ఊరుకోరు. నేను వెళ్ళేసరికే అమ్మ తలస్నానం చేసి ఉపవాసం మొదలుపెట్టేసింది, కాబట్టి ఇంట్లో టిఫిన్ ప్రసక్తే లేదు. ఒక అరటిపండు తిని మంచం మీద వాలి ఫోన్ తీశాను. తొమ్మిది అయ్యుంటుందేమో, మా పెద్దమ్మ కొడుకు దగ్గర్నుంచి మెసేజ్.

"ఒరేయ్, గోకూని గీసినాయన పోయాడంట్రా."

అంతే, పేరు లేదు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, గోకూ హీరోగా డ్రాగన్ బాల్ అనే జపాన్ కార్టూన్ ఒకటుందని నాకు చూపించిందే అన్నయ్య, అయినా ఆయన పేరు గుర్తు లేదు. నేనే వెతికి చదివాను. అకిరా తోరియామా మార్చి 1నే పోయారట, మెదడు పొర కింద రక్తస్రావం జరిగి. 68 ఏళ్ళు. అంత్యక్రియలు దగ్గరివాళ్ళ మధ్య కానిచ్చేసి, వారం తర్వాత లోకానికి చెప్పారు. మనం వాట్సాప్ స్టేటస్‌లో గుడ్ మార్నింగ్‌లు పెట్టుకున్న ఆ వారమంతా ఆయన లేడన్నమాట, మనకి తెలియదంతే.

ఒక నిజం ఒప్పుకోవాలి. చిన్నప్పుడు ఈయన గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం, నేను ఒక్కటి కూడా చూడలేదు. నరసరావుపేటలో మాంగా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? 2000ల మొదట్లో కార్టూన్ నెట్‌వర్క్‌లో డ్రాగన్ బాల్ జీ వచ్చేది, హిందీలో. మాకు వచ్చిన హిందీకి సగం అర్థమయ్యేది, మిగతా సగం అరుపులే కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. కరెంటు పోయిన రోజు కథ పోయినట్టే. మిగతాదంతా, అంటే ఆయన చెయ్యి నిజంగా నాకు అలవాటయింది మాత్రం వీడియో గేమ్‌ల వల్లే. అందుకే ఆయన్ని తలుచుకోవాలంటే నాకు పుస్తకాలు గుర్తుకు రావు, ఒక సందు గుర్తొస్తుంది.

స్టేషన్ రోడ్డు దాటాక ఆ సందు. సగం దించిన షట్టరు, లోపల మూడు టీవీలు, మూడు పీఎస్2లు (ప్లేస్టేషన్ 2 గేమ్ మెషీన్లు), ఒక టేబుల్ ఫ్యాను, అది షాపన్న వైపే తిరిగి ఉంటుంది ఎప్పుడూ. గంటకి 20 రూపాయలు, అరగంటకి 10. మేము వెళ్ళేది 2008, 2009 ఆ ప్రాంతంలో, నేను పదో తరగతి, అన్నయ్య డిగ్రీ. ట్యూషన్ అని చెప్పి వెళ్ళేవాళ్ళం అని రాస్తే అందరూ రాసేదే అవుతుంది, కానీ నిజంగానే ట్యూషన్ అని చెప్పే వెళ్ళేవాళ్ళం. డిగ్రీ చదివే అన్నయ్య ట్యూషన్‌కి ఎందుకు వెళ్తున్నాడని మా పెద్దమ్మ ఎప్పుడూ ఎందుకు అడగలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అక్కడ ఉన్న డిస్క్ పేరు డ్రాగన్ బాల్ జీ బుడోకాయ్ తెన్‌కాయిచి 3. ఇంత పేరు ఎవడు పలుకుతాడు, మాకు అది "డీబీజీ మూడు". 2007లో వచ్చిన గేమ్, అందులో రూపాలు మార్చుకునేవాళ్ళని కూడా లెక్కేస్తే 160కి పైగా పాత్రలు. అదే మాకు పెద్ద సమస్య. మొహాలన్నీ చూసుకుంటూ పోతుంటే గంటలో ఐదు నిమిషాలు పాత్రని ఎంచుకోవడానికే పోయేది. "తొందరగా తీసుకోరా, మీటరు తిరుగుతోంది" అని అన్నయ్య మోచేత్తో పొడిచేవాడు. అన్నయ్య ఎప్పుడూ వెజిటానే. నేను క్రిల్లిన్‌ని తీసుకునేవాణ్ణి, ముక్కు లేని గుండువాణ్ణి. ఎందుకు అంటే చెప్పలేను. గెలిచే ఆశ లేకపోతే ఓడిపోయినా పరువు పోదు కదా, అది ఒక లెక్క అయ్యుంటుంది.

ఆ గేమ్‌లో ఇద్దరూ ఒకేసారి కిరణాలు వదిలితే అవి మధ్యలో ఢీకొంటాయి. అప్పుడు కంట్రోలర్ మీద స్టిక్కులని ఎవరు ఎక్కువ తిప్పితే వాళ్ళ కిరణం ముందుకు తోసుకుంటూ వెళ్తుంది. బొటనవేలితో తిప్పితే సరిపోదని మూడో రోజుకే తెలిసిపోయింది. అరచెయ్యి మధ్య భాగాన్ని స్టిక్కు మీద ఆనించి పిండి రుబ్బినట్టు తిప్పాలి. చర్మం ఎర్రగా కందిపోయి, ఒక్కోసారి పొక్కు లేచేది, ఆ చేత్తోనే ఇంటికెళ్ళి పులుసన్నం కలుపుకుంటే చుర్రుమనేది. స్టిక్కు మీద రబ్బరు అరిగి చిరిగి లోపలి ప్లాస్టిక్ బయటపడితే షాపన్న కొత్తది కొనలేదు, సైకిల్ ట్యూబు ముక్క కోసి తొడిగాడు. అది ఇంకా బాగుండేది నిజానికి, పట్టు దొరికేది. గోడ మీద మాత్రం పెన్నుతో రాసి పెట్టాడు, "స్టిక్కులు గట్టిగా తిప్పరాదు" అని. ఆ గేమ్‌లో స్టిక్కులు గట్టిగా తిప్పకుండా ఏం చేస్తామో ఆయనే చెప్పాలి.

ఇంకొకటి, గోకూ పెద్ద దెబ్బ ఒకటి ఉంటుంది. చేతులు పైకెత్తి అందరి దగ్గర్నుంచీ శక్తి అడుక్కుని ఒక పెద్ద నీలం ముద్ద చేసి విసురుతాడు. ఎవరైనా అది మొదలుపెడితే షాపులో ఉన్న వాళ్ళందరూ, పక్క టీవీలో క్రికెట్ ఆడుకునేవాళ్ళతో సహా, "చేతులెత్తండ్రోయ్" అని చేతులు పైకెత్తేవాళ్ళు. షాపన్న కూడా ఒకటి రెండు సార్లు ఎత్తాడు, బీడీ పట్టుకున్న చెయ్యి.

కానీ టైమ్ విషయంలో మాత్రం ఆయనకి దయ లేదు. గంట అయ్యిందా, అంతే. రెండు కిరణాలు మధ్యలో ఢీకొని తెరంతా తెల్లగా మెరుస్తూ, అన్నయ్య, నేను ఒళ్ళంతా ఊగిపోతూ స్టిక్కులు రుబ్బుతున్న టైమ్‌లో వెనక నుంచి వచ్చి టీవీ స్విచ్ కట్టేసేవాడు. "ఎవరు గెలిచారో చూసుకుంటామన్నా" అంటే "ఇంకో పది రూపాయలివ్వండి, చూసుకోండి" అనేవాడు. మా దగ్గర ఉండేవి కావు. అలా ఎవరు గెలిచారో తేలని పోట్లాటలు మా ఇద్దరి మధ్య లెక్కలేనన్ని.

ఆ రోజుల్లో ఈ బొమ్మలన్నీ ఒక మనిషి గీశాడన్న ఆలోచనే రాలేదు. గోకూ ఉన్నాడు, అంతే, హనుమంతుడు ఉన్నట్టు.

తర్వాత ఇంజనీరింగ్, హాస్టల్. 2012 అనుకుంటా, పక్క రూములో ఒకడి లాప్‌టాప్‌లో పాత గేమ్‌లు ఆడే ఎమ్యులేటర్ ఉండేది, పెన్‌డ్రైవ్‌లో అందరి లాప్‌టాప్‌లకీ పాకింది. దొంగ సరుకే, అప్పుడు అది తప్పని కూడా అనిపించలేదు. అందులో క్రోనో ట్రిగర్ అని ఒకటి. మొదలవడమే అమ్మ వచ్చి కర్టెన్ తీసి హీరోని నిద్ర లేపుతుంది. ఊళ్ళో పెద్ద తిరనాళ్ళు, లేచి వెళ్ళు అని చేతిలో డబ్బులు పెడుతుంది. కోటప్పకొండ పక్కన పుట్టినవాడికి ఇంతకంటే అర్థమయ్యే మొదలు ఇంకేముంటుంది? రాజ్యానికి వెయ్యేళ్ళయిన సందర్భంగా సంబరం, గుడారాలు, పరుగు పందాలు, గంట మోగుతూ ఉంటుంది. ప్రభలు లేవు గానీ మిగతా అంతా ఉంది.

అక్కడ ఒక అమ్మాయి గుద్దుకుని కింద పడుతుంది, లాకెట్ జారి పక్కన పడుతుంది. ఒక బల్ల మీద ఎవరిదో లంచ్ ఉంటుంది. నేను గేమ్ అలవాటు ప్రకారం ముందు లాకెట్ తీసుకున్నాను, తర్వాత ఆ లంచ్ తినేశాను. కనిపించిన ప్రతి వస్తువునీ తీసుకోవడమే కదా ఇలాంటి గేమ్‌ల్లో పని. చాలాసేపటి తర్వాత, ఆ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాక, కథలో నన్ను కోర్టులో నిలబెట్టారు. ఆ లంచ్ తాలూకు ముసలాయన సాక్షిగా వచ్చాడు. అమ్మాయి కింద పడితే ముందు ఆమెని పలకరించావా, లాకెట్ తీసుకున్నావా అని అడుగుతున్నారు. హాస్టల్ రూములో అర్ధరాత్రి రెండింటికి, నిజంగా చెప్తున్నా, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అంతవరకూ ఏ గేమూ నేను చూడనప్పుడు నన్ను చూడలేదు. ఇంకా విచిత్రమేంటంటే నిర్దోషి అని తేలినా జైల్లోనే వేస్తారు.

అది సరే, ఆ రాత్రే ఇంకో సంగతి జరిగింది. హీరో క్రోనో జుట్టు చూస్తున్నాను, ఎర్ర జుట్టు, ముళ్ళలా నిలబడి. కళ్ళద్దాల అమ్మాయి లుక్కా, ఆ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడే తీరు. ఈ మనుషుల్ని నేనెక్కడో చూశాను. చిన్నప్పుడు తాతయ్య ఇంట్లో పాత చందమామల్లో విక్రమార్కుడు భుజం మీద శవాన్ని వేసుకుని నడిచే బొమ్మ చూసి, తర్వాత వేరే కథలో ఇంకెవరో రాజు బొమ్మ చూసి "ఇదీ ఆయనే వేశాడు" అని అనుకునేవాణ్ణి. ఆయన పేరు శంకర్ అని అప్పుడు తెలియదు, పెద్దయ్యాక తెలిసింది. సరిగ్గా అలాగే. పేరు తెలియదు, చెయ్యి తెలుసు. వెతికితే తేలింది, డ్రాగన్ బాల్ గీసినాయనే ఇవీ గీశాడు. రూములో ఒక్కణ్ణే గట్టిగా "షాపన్నా!" అని అరిచాను, ఎందుకో ఆయనే గుర్తొచ్చాడు. పక్కవాడు నిద్రలో తిట్టాడు.

ఆ తర్వాత నాకు కొంచెం పిచ్చి పట్టింది, దొరికినవన్నీ చదివాను. 1955లో నగోయాలో పుట్టాడు. ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో బొమ్మలేసే ఉద్యోగం చేసి మానేశాడు. షోనెన్ జంప్ అనే వారపత్రికలో తోరిషిమా అనే ఎడిటర్ చేతిలో పడ్డాడు, ఈయన తెచ్చిన పేజీలన్నీ ఆ ఎడిటర్ తిప్పికొట్టేవాడు. చివరికి 1980లో డాక్టర్ స్లంప్ అనే మాంగా హిట్టయ్యాక అందులో ఒక దుర్మార్గపు సైంటిస్టుని పెట్టి, వాడికి ఆ ఎడిటర్ మొహమే గీసి, ఆ ఎడిటర్ పేరునే తిరగేసి మాషిరితో అని పెట్టాడు. మా మేనేజర్ మీద ఇలాంటిది ఒకటి చెయ్యాలని నాకు ఎప్పట్నుంచో ఉంది.

డ్రాగన్ బాల్ 1984 నుంచి 1995 దాకా, 519 అధ్యాయాలు, వారం వారం. ఆ పేర్ల సంగతి తెలిసినప్పుడు మాత్రం అన్నయ్యకి ఫోన్ చేసి అరగంట నవ్వాను. గోకూ, వెజిటాల జాతి పేరు సైయన్, అది యసాయి అనే మాటని తారుమారు చేస్తే వచ్చింది, యసాయి అంటే కూరగాయలు. కాబట్టి మా అన్నయ్య ప్రాణంగా చూసుకున్న వెజిటా కూరగాయల యువరాజు, గోకూ అసలు పేరు కకరాట్ అంటే క్యారట్, గోకూ కొడుకు గోహాన్ అంటే అన్నం. విలన్ ఫ్రీజా సంగతి చెప్పక్కర్లేదు, వంటింట్లో ఉంటాడు. అన్నం అనే పేరున్న పిల్లాడు తండ్రి చనిపోయాక ఏడుస్తూ ఒంటిచేత్తో కామేహామేహా అనే కిరణం వేస్తుంటే మేము కన్నీళ్ళు పెట్టుకున్నాం అన్నమాట. ఆ కామేహామేహా అన్న పేరు కూడా ఆయనకి తోచకపోతే వాళ్ళావిడ సలహా ఇచ్చిందట, హవాయి రాజు పేరు.

నాకు ఈయనలో బాగా నచ్చేది బద్ధకం. అది ఆయనే దాచుకోకుండా చెప్పుకునేవాడు. గోకూ సూపర్ సైయన్ అయితే జుట్టు బంగారు రంగులోకి మారుతుంది కదా, మాంగా నలుపు తెలుపుల్లో ఉంటుంది కాబట్టి అక్కడ అది ఉత్త తెల్లకాగితమే. జుట్టంతా నల్ల సిరాతో నింపే పని అసిస్టెంటుకి తగ్గుతుందని అలా వదిలేశాడు. ఊళ్ళు గీయడం విసుగు కాబట్టి పోట్లాటలన్నీ ఎడారిలోకి, బండల్లోకి మార్చేసేవాడు. అలా పని తప్పించుకోవడానికి వదిలేసిన తెల్లజుట్టు కోసమే మేము సందులో అరచేతులు కాల్చుకున్నాం. తక్కువ గీతల్లో మనిషిని నిలబెట్టే ఈ గుణం పాత గేమ్‌లకి అతికినట్టు సరిపోయిందని నా అభిప్రాయం. నాలుగు చుక్కల రంగుల్లో, చిటికెనవేలి గోరంత చోటులో బొమ్మ గుర్తుపట్టేలా ఉండాలంటే ఎక్కువ గీసేవాడికి కుదరదు.

డ్రాగన్ క్వెస్ట్‌లో స్లైమ్ అని ఉంటుంది, అదే దీనికి రుజువు. 1986 మే 27న ఎనిక్స్ కంపెనీ వాళ్ళు ఫామికామ్ అనే టీవీ గేమ్ మెషీను మీద తెచ్చిన గేమ్. కథ రాసిన యూజీ హోరీ అప్పట్లో అదే షోనెన్ జంప్‌లో గేమ్‌ల గురించి రాసేవాడు, తోరియామాని ఇందులోకి లాగింది కూడా ఆ ఎడిటర్ తోరిషిమానే. స్లైమ్ అంటే జిగురుముద్ద, అప్పటికి ఇతర గేమ్‌ల్లో అసహ్యంగా కారుతూ ఉండే దయ్యం. హోరీ కాగితం మీద గీసిచ్చింది కూడా అలాంటిదే, మన భాషలో పేడముద్ద. తోరియామా దాన్ని ఒక నీటిబొట్టు చేశాడు, పైన చిన్న మొన, రెండు గుండ్రటి కళ్ళు, ఒక నవ్వు. అంతే. జపాన్‌లో ఇప్పుడు అది బొమ్మలుగా, దిండ్లుగా, మిఠాయిలుగా అమ్ముడుపోతుంది. మొట్టమొదట మనం కత్తితో కొట్టాల్సిన శత్రువు అదే, నవ్వుతూ ఉంటుంది పాపం.

దీంట్లో నాకు కడుపుమంట ఏంటంటే, ఫామికామ్ నకలు మా ఇంట్లోనే ఉండేది. 90ల్లో మన ఊళ్ళల్లో టీవీ గేమ్ అని అమ్మేవాళ్ళు చూడండి, పసుపు రంగు క్యాసెట్‌లు, అన్నీ అదే మెషీను నకళ్ళు. నాకు ఐదారేళ్ళప్పుడు నాన్న గుంటూరు నుంచి తెచ్చాడు. అంటే డ్రాగన్ క్వెస్ట్ ఆడగలిగే పెట్టె మా టీవీ కింద దుమ్ము పట్టి ఉంది, మేము మాత్రం దాంట్లో బాతుల్ని కాల్చుకుంటూ కూర్చున్నాం. వచ్చినా ఏం చేసేవాళ్ళం లెండి, అంతా జపనీస్ చదవాల్సిన గేమ్.

డ్రాగన్ క్వెస్ట్ చివరికి నేను ఆడింది లాక్‌డౌన్ తర్వాత, పదకొండోది, కంప్యూటర్ మీద. 2017లో జపాన్‌లో వచ్చిన గేమ్ మా ఇంటికి చేరేసరికి 2020 డిసెంబర్. నిజాయితీగా చెప్పాలంటే మొదటి పది గంటలు నిద్రొచ్చింది. నువ్వొకటి కొట్టు, నేనొకటి కొడతా అన్నట్టు వంతులవారీ పోట్లాట, ఎప్పుడో ముగిసిపోయిందని నేననుకున్న పద్ధతి. ఆ సంగీతం కూడా ఒకే బాణీ బుర్రలో మేకు దిగినట్టు తిరుగుతూనే ఉంటుంది. కానీ గడ్డిలో ఆ నీలం బొట్టు ఎగురుతూ కనిపించిన ప్రతిసారీ మొహం మీదకి నవ్వొచ్చేది, ఏం చేస్తాం. నాన్నకి కోవిడ్ వచ్చి వేరే గదిలో ఉన్న పధ్నాలుగు రోజులూ రాత్రిళ్ళు నాకు తోడు ఆ గేమే. దాని గురించి ఇంతకంటే రాయను. నాన్న బాగానే ఉన్నాడు, ఇప్పుడు ఇది రాస్తుంటే పక్కన కూర్చుని ఫ్యాను స్పీడు తగ్గించమంటున్నాడు.

ఈయన గీసే హీరోలందరిదీ ఒకే మొహం అని ఒక వాదన ఉంది. క్రోనో అంటే ఎర్రజుట్టు గోకూ, లుక్కా అంటే కళ్ళద్దాలు పెట్టుకున్న డ్రాగన్ బాల్ బుల్మా, అని. నిజమే, కాదనను. బాపు బొమ్మలన్నీ కూడా ఒకే కళ్ళు, ఒకే జడ, అయినా ఎవరూ ఆయన్ని ఇంకో రకంగా గీయమని అడగలేదు కదా.

సరే, శివరాత్రి దగ్గరికి వస్తాను. సాయంత్రం కొండకి వెళ్ళలేదు, ఆ జనంలో మోకాళ్ళ నొప్పులతో అమ్మ రానంది. రోడ్డు మీద ప్రభలు వెళ్ళిపోయాయి, దూరం నుంచి పాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. జాగారం చెయ్యాలి. మా చిన్నప్పుడు జాగారానికి అమ్మమ్మ వైకుంఠపాళి పరిచేది, గవ్వలతో. పెద్దపాము మింగిన ప్రతిసారీ అమ్మమ్మ "శివశివా" అనేది, నిద్ర అలా పారిపోయేది. ఆ అట్ట ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. అమ్మ టీవీలో ఏదో భక్తి సినిమా పెట్టుకుంది. నేను ఫోన్‌లో క్రోనో ట్రిగర్ కొన్నాను, ఈసారి డబ్బులిచ్చి. హాస్టల్ పెన్‌డ్రైవ్ బాకీ పన్నెండేళ్ళకి తీరింది.

పదిన్నరకి మొదలుపెట్టాను. అమ్మ వచ్చి కర్టెన్ తీసింది, హీరో లేచాడు, తిరనాళ్ళు. ఈసారి అమ్మాయి కింద పడగానే ముందు ఆమెని పలకరించాను. ఆ బల్ల మీద లంచ్ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను, ముట్టుకోలేదు. తప్పిపోయిన పిల్లిని వెతికి చిన్నపిల్లకి తెచ్చిచ్చాను. అర్ధరాత్రి దాటాక కోర్టులో నిర్దోషి అని వచ్చింది, జైల్లో మాత్రం వేశారు, తెలిసిందే. ఉపవాసం కడుపుతో లంచ్ వదిలేసిన ఘనత నాకే దక్కాలి.

సినిమా అయిపోయాక అమ్మ నా వైపు చూసింది. "ఏంట్రా పొద్దున్నుంచీ అదోలా ఉన్నావ్?"

"ఒక జపాన్ ఆర్టిస్టు పోయాడమ్మా."

"నీకేమవుతాడు?"

దీనికి సమాధానం చెప్పడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. ఆయనకి నా ఉనికి తెలియదు, నాకు ఆయన భాష తెలియదు. డ్రాగన్ బాల్ అని చెప్తే అమ్మకి అర్థం కాదని, "చిన్నప్పుడు మేము అరిచేవాళ్ళం చూడు, కామే హామే హా అని, అది ఆయనదే" అన్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "ట్యూషన్ ఎగ్గొట్టి వెళ్ళేవాళ్ళే, ఆ షాపులో ఆయనా?" అంది. అంటే తెలుసన్నమాట. పదిహేనేళ్ళుగా తెలుసు.

తెల్లవారుజామున నాలుగింటికి గేమ్‌లో 2300వ సంవత్సరానికి వెళ్ళాను, లోకం నాశనమైపోయి బూడిద రంగులో ఉంటుంది, మనుషులు తిండి లేక గుంపులుగా కూర్చుని ఉంటారు. అక్కడ పాడైపోయి పడి ఉన్న రోబోని లుక్కా కూర్చుని బాగు చేస్తుంది. ఈ రోబోనే తర్వాత, కథ చివర్లో, ఒక ఎడారిని అడవి చెయ్యడానికి వెనక ఉండిపోతాడు. మిగతావాళ్ళు టైమ్ మెషీన్‌లో నాలుగొందల ఏళ్ళు ముందుకి వెళ్ళిపోతారు, వాళ్ళకి అది ఒక్క నిమిషం. రోబోకి మాత్రం నాలుగొందల ఏళ్ళూ నాలుగొందల ఏళ్ళే, ఒక్కో మొక్కా నాటుకుంటూ. వెళ్ళి చూస్తే అడవి నిలబడి ఉంటుంది, మధ్యలో గుడి లాంటి దాంట్లో తుప్పు పట్టిన రోబోని పెట్టుకుని జనం పూజిస్తూ ఉంటారు. ఆ రాత్రి అక్కడిదాకా ఆడలేదు, అది ఇరవై గంటల అవతల ఉంది. కానీ ఆ పాడైన రోబోని చూడగానే ముందు జరగబోయేది గుర్తొచ్చింది, అంతే, ఫోన్ పక్కన పెట్టి కాసేపు మేడ మీదకి వెళ్ళాను. మా ఇంటి వెనక కోళ్ళు అప్పుడే కూస్తున్నాయి.

రెండు మూడు రోజుల తర్వాత అన్నయ్య ఒక వీడియో పంపించాడు. బ్యూనస్ ఐరిస్‌లో ఒబెలిస్కో అనే పెద్ద స్తంభం దగ్గర వేలమంది జనం, అందరూ చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు, గోకూకి శక్తి ఇస్తున్నట్టు. అర్జెంటీనా! కింద అన్నయ్య రాశాడు, "మన షాపే ఇది, కాస్త పెద్దది." ఈసారి పేరు కూడా రాశాడు, తొరియమ అని, దీర్ఘాలు లేకుండా.

ఏప్రిల్ చివర్లో సాండ్ ల్యాండ్ గేమ్ వచ్చింది, ఆయన పోయి రెండు నెలలు కూడా నిండలేదు. 2000లో ఆయన అసిస్టెంట్లు లేకుండా ఒక్కడే గీసుకున్న చిన్న కథ అది. నీళ్ళు లేని ఎడారిలో ఒక ముసలి షెరీఫ్, ఒక దయ్యాల యువరాజు, ఒక ట్యాంకు, అందరూ కలిసి నీటి ఊట వెతుక్కుంటూ పోతారు. ఈయనకి బండ్లన్నా, ట్యాంకులన్నా, ప్లాస్టిక్ మోడల్స్ అతికించుకోవడమన్నా పిచ్చి. ఆ ట్యాంకు బోల్టు బోల్టుకీ ఆ పిచ్చి కనిపిస్తుంది. గేమ్ గొప్పగా ఏమీ లేదు, పనులన్నీ అక్కడికెళ్ళు ఇది పట్టుకురా రకం. కానీ పల్నాడు ఏప్రిల్ ఎండలో, వీధిలోకి నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని అమ్మ బిందెలు వరసగా పెట్టి చూస్తుంటే, లోపల నేను నీళ్ళ కోసం ట్యాంకు తోలుకుంటూ కూర్చున్నాను. బిందెలు మోయడానికి ఎందుకు రాలేదని తిట్లు కూడా తిన్నాను.

డ్రాగన్ క్వెస్ట్ పన్నెండోది కూడా ఉంది, 2021లో ప్రకటించారు. దాని సంగీతం, మొదట్నుంచీ ఈ గేమ్‌లకి బాణీలు కట్టిన సుగియామాది, ఆయన ఆ ఏడాదే సెప్టెంబర్‌లో 90 ఏళ్ళకి పోయాడు. బొమ్మలు తోరియామావి. మొదటి ఆట నుంచీ ఉన్న ముగ్గురిలో ఇప్పుడు హోరీ ఒక్కడే మిగిలాడు. అది ఎప్పుడొస్తే అప్పుడు ఆడతాను, ఆ మేకు దిగిన బాణీ ఉన్నా సరే.

ఇక దసరా. ఆ ఏడు విజయదశమి అక్టోబర్ 12, సరిగ్గా ముందు రోజే డ్రాగన్ బాల్ స్పార్కింగ్ జీరో అని కొత్త గేమ్ వచ్చింది. మా డీబీజీ మూడుకి అసలు తమ్ముడు ఇదే, జపాన్‌లో ఆ వరస పేరే స్పార్కింగ్. అన్నయ్య విజయవాడ నుంచి వదినతో, ఎనిమిదేళ్ళ కొడుకుతో వచ్చాడు. నా లాప్‌టాప్‌ని హాల్లో టీవీకి తగిలించి రెండు కంట్రోలర్లు పెట్టాను. ఒక దిక్కుమాలిన సంగతేంటంటే, ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడాలంటే అప్పటికి ఒకే ఒక్క చోటు ఇచ్చారు, తెల్లటి ఖాళీ గది. వేల రూపాయలు పోసి కొంటే గోడలు కూడా లేవు. మళ్ళీ ఆలోచిస్తే అది ఆయన గీయడానికి బద్ధకించినట్టే ఉంది, తెల్లకాగితం, మధ్యలో ఇద్దరు.

మొదట పిల్లాడు మా ఇద్దర్నీ చెరో రెండు సార్లు ఓడించాడు. తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టి మేమిద్దరం దిగాం. 180కి పైగా పాత్రలు, ఎంచుకోవడానికి కూర్చున్నాం, అన్నయ్య మోచేయి పడింది నా పక్కలో. "తొందరగా తీసుకోరా."

"మీటరు లేదుగా ఇప్పుడు."

"అలవాటురా."

అన్నయ్య వెజిటా, నేను క్రిల్లిన్. ముక్కు ఇంకా రాలేదు వాడికి. "వీణ్ణెందుకు తీసుకున్నావ్ బాబాయ్, వేస్ట్" అన్నాడు పిల్లాడు. పావుగంటలో అన్నయ్య సోఫా మీంచి కిందకి దిగిపోయి బాసింపట్టు వేసుకున్నాడు, షాపులో కూర్చున్నట్టే. ఇద్దరికీ ఒక్కో గెలుపు, మూడోదానిలో ఇద్దరిదీ చివరి ప్రాణం, నేను చెయ్యి ఎత్తాను, అన్నయ్య కూడా వదిలాడు, పిల్లాడు లేచి నిలబడ్డాడు, తెర తెల్లగా అయిపోయింది.

"అన్నం చల్లారిపోతోంది, మూడుసార్లు పిలిచాను" అని వదిన వచ్చి టీవీ స్విచ్ కట్టేసింది.